పదిహేడు తూటాలు

రైఫిల్‌ని బల్ల మీద పెట్టారు,
నీళ్ళలోంచి తీసిన మనిషిని పడుకోబెట్టినట్టు.
వాల్‌నట్ కర్ర నిలువునా చీలింది.
అడుగు రేకు ఊడి
మంచులో ఎక్కడో ఉండిపోయింది.
ఉర్హో కెంపైనెన్ కుడికన్ను
కయాని ఆసుపత్రిలో, కట్టు కింద.

ఊళ్ళో అప్పటికే తీర్పు చెప్పేశారు:
పాత తుపాకి, పాత ఇనుము, ఇంకేముంటుంది?
నేను తీర్పుతో మొదలుపెట్టను.
గొట్టంతో మొదలుపెడతాను.

దీపం వైపు పట్టి లోపలికి చూశాను.
నీడ ఎక్కడా ఉంగరంలా ఉబ్బలేదు.
అంటే మంచు కాదు, మట్టి కాదు,
గుండుకి దారిలో ఏదీ అడ్డుపడలేదు.
విరిగిన చోట ఉక్కు పంచదార పలుకులా మెరుస్తోంది,
అంచున పాత తుప్పు గీత లేదు.
అంటే ముసలితనమూ కాదు.
ఒక్క క్షణం. ఒక్క దెబ్బ.

బోల్టు తెరుచుకోలేదు.
చెక్కతో, సుత్తితో మధ్యాహ్నమంతా బతిమాలితే
బయటికొచ్చింది ఇత్తడి తొడుగు.
అడుగున కంపెనీ అక్షరాలు
పలక మీద వేలితో చెరిపినట్టున్నాయి.
ఇత్తడి నీరై పారి, సందు కనబడ్డ చోటల్లా దూరి,
అక్కడే గడ్డకట్టింది.

ఇక డబ్బాలో మిగిలినవి పదిహేడు.
సూలో హైక్కినెన్ తన వంటింటి బల్ల మీద నింపినవి.
ముప్పై ఒక్క అక్టోబర్లు
ఇద్దరూ కలిసే ఎల్క్ వేటకి వెళ్ళారు.
ఉర్హో ఏనాడూ తూటా కొన్నది లేదు.

ఒక్కొక్కటీ విప్పి మందు తూచాను.
పదిహేడూ సరిగ్గా ఉన్నాయి, ఆవగింజంత తేడా లేదు.
చాలామంది ఇక్కడే ఫైలు మూసేస్తారు.
త్రాసు అబద్ధమాడదు, నిజమే.
అడగనిదానికి జవాబూ చెప్పదు.

తెల్లకాగితం మీద పోశాను.
పద్నాలుగింట్లో అన్నీ పుల్లలే, చీమ కాళ్ళంత.
మూడింట్లో
పుల్లల మధ్య పల్చటి బిళ్ళలు.
పిస్తోలు మందు. తొందరగా కాలే రకం.

సూలో వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని.
"రెండు డబ్బాలూ ఆకుపచ్చవే, హిల్కా.
అడుగున కాస్త మిగిలితే ఇందులోనే కలిపేశాను కాబోలు.
పారేయడం మా ఇంటా వంటా లేదు."
కాగితం ముందుకి జరిపాను.
చాలాసేపు చూశాడు.
మెల్లగా అడిగాడు: "ఇందులో బిళ్ళలేవి?"

అప్పుడు కనిపించింది అతని కళ్ళలో పాలపొర.
రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట.
చెబితే లైసెన్సు పోతుంది,
తెల్లవారకముందు ఉర్హో పక్కన
మాటల్లేకుండా నిలబడే చోటు పోతుంది.

చూపుడువేలు తడిచేసి కాగితం మీద అద్దాడు.
బొటనవేలితో నలిపి చూశాడు.
"ఆ," అన్నాడు. అంతే.

కారణం అనే గడి నింపాను:
వేర్వేరు మందులు కలిసినందువల్ల అధిక పీడనం.
దాని కింద, దెబ్బతిన్న అవయవం: కన్ను.
సంఖ్య:
ఒకటి అని రాశాను.
కలం కాసేపు ఆ అంకె మీదే ఆగిపోయింది.