చుక్క మందు

ఎర్రగుంట్లలో బండి కొన్నోనికి
ముందు వదులయ్యేది బోల్టు కాదు, నడుము.
నాపరాయి లారీలు తొక్కి తొక్కి
చిలమకూరు దారి జల్లెడయింది.

సైడ్ స్టాండు ఈడ్చుకుంటా ఒకడు,
సైలెన్సరును గోనె దారంతో కట్టుకుని ఒకడు,
సిమెంటు దుమ్ము రెప్పల మీద మోసుకొచ్చి
"మొన్ననే గదన్నా బిగించింది" అంటారు.
బిగించినా. భుజం పట్టేసేదాకా బిగించినా.
వణుకుకు తొందర్లేదు.
వెంట్రుకవాసి, మళ్ళా వెంట్రుకవాసి,
మనం అన్నం తినేటప్పుడు గూడా
అది మర తిప్పుతానే ఉంటాది.

ఒరే ఓబులేసూ, ఇట్ల రా, ఈ నీలం సీసా చూడు.
చుక్క మందంటే నవ్వబాకు, తాగేది కాదు.
ముందు మరలు కడుగు,
పెట్రోలుతో, పాత పళ్ళ బ్రష్షుతో.
జిడ్డుంటే పట్టదు.
బోల్టు తల మీద కాదు రా, కొన దగ్గర,
నట్టు కరుచుకునే చోట. ఒక్క చుక్క.
పప్పులో నెయ్యనుకున్నావా?
బిగించి వదిలెయ్.
రేపు ఇదే పొద్దు దాకా బండి ఇయ్యబాకు,
ఆయప్ప ఎంత అరిచినా సరే.

సీసా సగమే నింపి అమ్ముతారు.
మోసమనుకుని ప్రొద్దుటూరులో
అంగడాయనతో కొట్లాడినా ఒకప్పుడు.
ఆ ఖాళీలో గాలుంటాదంట.
గాలి ఉన్నంతసేపూ ఇది నీళ్ళే.
రెండు ఇనుముల సందున,
గాలి ఆడని చీకట్లో పడినాకనే
రాయవుతాది.

ఈ మాట నబీ సాబు చెప్పినాడు నాకు.
"మళ్ళా విప్పేదానికి నీలం,
విప్పబన్లేని దానికి ఎరుపు" అనేటోడు.
ఎర్రది పై అరలో, నాకందనంత ఎత్తులో పెట్టేటోడు.

ఒకరోజు నీలం అయిపోయింది.
తెమ్మని నూరు రూపాయలిచ్చి పంపినాడు.
నేను బస్సెక్కలేదు.
పెన్నలో నీళ్ళొచ్చినాయంటే
పిలకాయలతో ఈతకు పోయినా.
సాయంత్రం తడి జుట్టుతో వచ్చి
అంగడి మూసినారని చెప్పినా.
నా జుట్టు చూసినాడు. ఏమీ అనలేదు.

పశువుల కాంపౌండరు సుంకన్న
నిడుజివ్విలో ఆవు ఈనలేక పడుందని
నిలబడి తొందర పెడతాండాడు.
ముందు బ్రేకు బోల్టులు రెండూ
ఉత్త చేతిబలంతో బిగించి ఇచ్చినాడు సాబు,
"రేపు పొద్దున్నే తీసుకురా, పని మిగిలుండాది" అని.

రేపు పొద్దున ఆసుపత్రిలో తెల్లారింది.
రోడ్డు బాగలేదన్నారు అందరూ.
సుంకన్న గూడా రోడ్డునే తిట్టినాడు.
కుడి మోకాలు ఇంక మడవలేదు.

నబీ సాబు నన్ను ఒక్క మాటనలేదు.
తొమ్మిదేళ్ళు ఒకే రేకుల కింద,
ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం.
అనింటే బాగుండు,
కొట్టింటే ఇంకా బాగుండు.
గాలి తగిలుండేది.

సాబు పోయి రెండేండ్లు.
సుంకన్న నెలనెలా వస్తానే ఉండాడు,
కాలు బెంచీ మీద బారుగా చాపి కూచుంటాడు.
సాబు ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు ఎప్పుడూ.
నేనూ తీసుకోను.
"మీ గురువుకీ నీకూ ఏం పిచ్చి రా" అంటాడు,
నోటు మడిచి మళ్ళా జోబీలో పెట్టుకుంటా.

ఎర్ర మందు పట్టిన బోల్టు
పానాకు లొంగదు ఓబులేసూ.
బలవంతం చేస్తే తల తెగుతాది.
నిప్పు చూపాల, పొగ రావాల,
ఆ కంపు పీల్చాల,
అప్పుడు మెల్లగా, కిర్రుమంటా...

అదిగో, సుంకన్న బండి సౌండు.
ఆ గ్యాసు బుడ్డి ఇట్ల తే.
కాదు, ఉండనీ.
ఆయన బండికి వదులేమీ లేదు.
రెండు టీలు చెప్పి
నువ్వు కొంచేపు బయట కూచో.