నూరో కౌంటు

"కౌంటు పడిపోయిందమ్మా" అన్నాడు లేబు కుర్రోడు.
నాకు నవ్వొచ్చినాది.
కౌంటంటే నాకు తెల్దేటి నాయనా,
నలబై ఏళ్ల బట్టి పొందూరులో
నా ఏలి కొసలే లెక్కెట్టినాయి.
కౌంటు పెరిగితే కదా దారం సన్నబడద్ది,
మరి నా నెత్తురేటి
కౌంటు తగ్గి సన్నబడిపోనాది?

తెల్లకణాలంట. వెయ్యి కూడా నేవంట.
నాలుగో మందు ఎక్కించకుండా
శ్రీకాకులం బస్సెక్కించి పంపీసినారు.

పచ్చి ఉల్లిపాయొద్దు, కోసిన జాంపండొద్దు,
తల్లో పూలొద్దు (తలేదీ, పూలెట్టడానికి),
తరవాణి అసలే ఒద్దు.
అన్నిటికీ ఊఁ అన్నాను గానీ
తరవాణి ఒద్దన్న డాకట్రు
ఏ ఊరోడో,
ఎండాకాలం ఏటి తాగి పెరిగినాడో.

పత్తి ముట్టొద్దంట, దూళంట.
పళ్లరిగి నా సేతికి అలవాటైన
వాలుగసేప దవడెముక
ఆయన గూట్లో ఎట్టి తలుపేసీసినాడు.
రాట్నం నీలవేణి ఇంటికెల్లిపోనాది.
గోడవతల ఇనబడతన్నాది,
అడ్డడ్డే, మల్లీ తెంపీసినాది.
మూతిగుడ్డ లోంచే అరిసినాను:
"ఇడిసి తిప్పే గుంటా, బిగించకు!"

గుమ్మానికవతల మనవరాలు.
"మామ్మా, నాకు జలుబు తగ్గిపోనాది" అని
తుమ్మినాది.

తలగడ కింద జొరం సూసే పుల్ల.
నూరు దాటితే ఆగొద్దు,
అద్దరేత్రయినా బయల్దేరమన్నారు.
నూరు.
బతుకంతా నూరో కౌంటు అందాలని ఒడికినాను,
ఇప్పుడు ఆ నూరంటేనే బయ్యం.

కణాలు పెరగడానికి ఐదు సూదులు.
సల్లగుండాలంట, మాకు ఫ్రిజ్జు నేదు.
కామేసు కిల్లీబడ్డీలో
సోడాల ఎనకాతల ఉన్నాయి.
ఎవులు సోడా అడిగినా
"ఆగండెహె, మామ్మ మందు తగిలీగలదు" అని
కామేసు
సంటిపిల్లని జరిపినట్టు జరుపుతన్నాడు.

మూడో సూది రేత్రి
నడుములో పోటు, తొడల్లో పోటు,
రొమ్మెముక్కింద రంపం.
నర్సమ్మ ముందే సెప్పినాది:
తెల్లకణాలు తయారయ్యేది ఎముకల్లోనమ్మా,
పని మొదలైతే నొప్పి తప్పదు.

పనా!
అలాగని ఎవులూ ముందు సెప్పనేదే.
కల్లు మూసుకుని ఇన్నాను.
నా ఎముకలో ఎవులో కూకుని ఏకుతన్నారు,
దీపం కూడా నేకుండా.
ఆల్లకి కూలెవులిస్తారో.
ఇన్నాల్లూ సేపెముకట్టుకుని నాను పత్తి దువ్వితే
ఆ సేప కూడా ఇలాగే మూలిగిందేటో,
నానెప్పుడూ అడగనేదు.

బేగి, బేగి అందామని నోటిదాకా వొచ్చినాది.
అన్నేదు.
తొందరెడితే తెగిపోద్ది.

తెల్లారగట్ల ఆయన టార్చిలైటేసి
పుల్ల సూసినాడు.
తొంబైతొమ్మిది మీద మూడు గీతలు.
మల్లీ ఒక్కసారి సూసి, దులిపి, తలగడ కింద ఎట్టినాడు.
సొక్కా మాత్రం ఇప్పనేదు,
జేబులో ఆటో డబ్బులతోటే
నేలమీద ఒరిగిపోనాడు.