నాలుగు ఓమ్‌లు

నాలుగు నెలల జీతం బదులు
సాలిగ్రామంలో మూతపడ్డ డబ్బింగ్ థియేటర్ వాళ్లు
నాకు రెండు స్పీకర్లిచ్చారు.
ఒక్కోటి నలభై రెండు కిలోలు.
మూడో అంతస్తుకి మోసిన కుర్రాళ్లు
మెట్టుకో మాట అన్నారు, అన్నీ నన్నే.
వెనక రేకు మీద నాలుగు ఓమ్ అని చదివి
కిందివాటా కోమలవల్లి గారు చెంపలేసుకున్నారు.
నేనేమీ చెప్పలేదు.

ఇంట్లో ఉన్న రిసీవర్
మాటలున్నంతసేపూ బాగానే మోసింది.
మృదంగం ఎడమ మూత మీద మొదటి దెబ్బ పడగానే
టక్.
ఎర్ర దీపం.
మళ్లీ వేశాను. మళ్లీ టక్.
ఉపవాసం ఉన్నవాణ్ణి రోకలెత్తమన్నట్టు.

రిచీ స్ట్రీట్‌లో మొదటి కొట్టువాడు
అట్టపెట్టె మీది అంకె చూపించాడు,
నూట ఎనభై వాట్లు, ఏడు చానళ్లు.
రెండో కొట్టువాడు రెండొందలన్నాడు.
మూడోవాణ్ణి దాటేసి, చెరుకురసం తాగి,
ఇరుకు మెట్లెక్కి ఆండాళు దగ్గరికి వెళ్లాను.

రెండువైపులా ముక్కుపుడకలు, చేతిలో టంకం కడ్డీ.
తలెత్తకుండానే అంది:
"పెట్టె మీది అంకె పెట్టెకే చెప్పుకోమను.
ఒక్క చానలే పలకాల, అదీ ఆరు ఓమ్‌లకి,
అదీ పదో వంతు గొంతు పగిలినాక.
ఏడూ ఒక్కసారి పాడితే సగం కూడా రాదు."

ఓమ్‌లు తక్కువైతే సులువే కదా,
అడ్డు తక్కువే కదా అన్నాను.

"అడ్డు చెప్పని పొలం చూసుండావా,
ఎంత నీళ్లు పెట్టినా తాగేస్తది.
రాసింది నాలుగు. కింది స్వరానికి దిగేటప్పుడు
రెండున్నర దాకా జారతది.
ఆ జారుడు కాడే అందరూ చేతులెత్తేది."

పందొమ్మిదేళ్లు
గుంపు గొంతుల్లో మూడో ఆడగొంతు నాది.
పెళ్లి పందిట్లో గుసగుస, అగ్నిప్రమాదంలో కేక,
ఎంతిస్తే అంత.
అడ్డు చెప్పనిదాన్నే నేనూ.
మరి నేనెవరి దగ్గరా ఏమీ లాగలేదే అనుకుని
కాసేపు
ఆ చెక్కపెట్టెల మీద అసూయపడ్డాను.

బల్ల మీద నాలుగు పెట్టింది.
"కందగడ్డ కొన్నట్టు ఎత్తి చూడు."
రెండు తేలిగ్గా లేచాయి. పక్కన పెట్టేసింది.
మూడోదాని వెనక నాలుగు ఓమ్‌లకని ఒక మీట ఉంది,
ఆశగా చూపించాను.
"దాన్ని ముట్టొద్దు మ్మా.
అది ఆకలి తీర్చదు, విస్తరి చిన్నది చేస్తది."

నాలుగోది మొహం గీరుకుపోయిన పాతది.
పద్దెనిమిది కిలోలు.
కొత్త టీవీ బొమ్మల సంగతి దానికి తెలీదట,
ఒక పోర్టు చచ్చిపోయిందట.
లావు రెసిస్టర్లు తగిలించి అరగంట మోయించి
పిల్లవాడి జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించింది.
ఇరవై ఆరు వేలంది.
"కాదు" అన్నాను.
ఎవరా మాటన్నదని నేనే వెనక్కి చూశాను.
ఇరవై నాలుగున్నర దగ్గర ఇద్దరం ఆగాం.

ఒళ్లో పెట్టుకుంటే ఆటోవాడు అడిగాడు,
గ్రైండరా అమ్మా?
అలాంటిదే, అన్నాను. కోడంబాక్కం వంతెన దిగేసరికి
తొడలు తిమ్మిరెక్కాయి.

మృదంగం దాటింది.
రెండో దెబ్బ, మూడోది. టక్ అనలేదు.
అప్పుడు వేశాను
ఎప్పుడో పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న వరద సీను,
పదకొండుమందిమి ఒక్క మైకు ముందు అరిచింది.
అరుపులో నేను లేను. ఎంత వెతికినా లేను.
అరుపుకి ముందు
ఒక ఊపిరి లోపలికి పోయింది.
వెనక్కి తిప్పి విన్నాను.
మూడోసారికి నా పక్కటెముకలు కూడా దానితో పాటే లేచాయి.

కింద నుంచి కోమలవల్లి గారు
చీపురుకట్టతో కప్పు పొడుస్తున్నారు.

వేడెక్కుతది, మీద నాలుగు వేళ్ల ఖాళీ వదులు
అని ఆండాళు మరీ మరీ చెప్పి పంపింది.
నేను వదిలాను.
పిల్లి అప్పుడే ఎక్కి పడుకుంది.