నాలుగో సొరుగు

కావలి కాలేజీ జువాలజీ ల్యాబులో
నాలుగో సొరుగు లాగితే
ముందు కలరా ఉండల వాసన,
తర్వాత తూనీగలు.
గుండుసూదుల మీద వాలి, అక్కడే ఎండిపోయినవి.

పెంచల నరసయ్య మాస్టారి చేతిరాత:
ఎర్రదానికో చీటీ, పచ్చదానికో చీటీ.
ప్రజాతి ఒకటే, జాతులు రెండు.
రెండు డబ్బాల మధ్య జానెడు చెక్క.

రంగును నమ్మొద్దు అనేవాడు,
అది ఎండకీ వయసుకీ మారతాది.
రెక్క పట్టు. భూతద్దం పెట్టు.
ఈనెలు లెక్కబెట్టు,
ముక్కోణపు గడి ఎటు తిరిగిందో చూడు,
అంచున మచ్చ ఎంత పొడవుందో చూడు.
ప్రజాతి ఆ గళ్లలో దాక్కుని ఉంటది.
అంత చెప్పినాయన
జాతి దగ్గరికొచ్చేసరికి రంగు చూసి రాసేశాడు.

మొన్న కార్తీకంలో అల్లూరు అవతల
రొయ్యల గుంట కట్టమీద వల పట్టుకుని నిలబడ్డా.
ఏరియేటర్లు నీళ్లు చిలుకుతున్నాయి.
తుమ్మకంప కొసన ఎర్రది,
నీళ్లమీద తచ్చాడుతూ పచ్చది.
ఎర్రది లేచి తోక కొసతో దాని తల వెనక పట్టింది,
పచ్చది కిందనుంచి వంగి అందుకుంది.
గాల్లో ఒక వంకర చక్రం, రెప్పపాటు.
వల ఎత్తడం మర్చిపోయా.

మేత బస్తా దించుతూ మస్తానమ్మ నవ్వింది.
"ఏందమ్మయ్యా, తూనీగల పెండ్లి ఎప్పుడూ చూళ్లేదా?
ఎర్రది మొగుడు, పచ్చది పెండ్లాం.
మొగది గూడా పుట్టినప్పుడు పచ్చంగానే ఉంటది,
ముదిరినాక ఎర్రబడతది.
మిరపకాయ ఎర్రబడలా?"

ఆమె దగ్గర భూతద్దం లేదు.
పద్దెనిమిదేళ్లుగా ఈ కట్టమీద కాపలా ఉంది.

సోమవారం సొరుగు మళ్లీ లాగా.
రెక్కలు పక్కపక్కన పెట్టి ఈనెలు లెక్కేశా, రెండుసార్లు.
పచ్చదాని చీటీ తిప్పితే
వెనక పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం.
ఎప్పుడు వేశాడో, తేదీ లేదు.
అడుగుదామంటే ఆయనా లేడు.

సూది కదిలిస్తే ఒక రెక్క రాలింది.
కాగితం పొట్లంలో కట్టి
పచ్చదాన్ని ఎర్రదాని పక్కన గుచ్చా.
పాత చీటీ తీయలేదు,
దాని కింద కొత్తది పెట్టా.
'నిర్ధారించినవారు' అన్నచోట
మస్తానమ్మ అని రాసి ఆగిపోయా.
ఇంటిపేరు అడగలేదు.

రేపు పొద్దున పాసింజరుకు బిట్రగుంట దిగి,
అక్కణ్ణుంచి ఆటోలో పోవాలి.