యాభై మైక్రోగ్రాములు

కాజీపేటలో రైలు దిగి ఆటోలో వచ్చింది డబ్బా.
మూత తీస్తే పొగ, పొగ అడుగున పొడిమంచు,
దాని అడుగున నా చిటికెన వేలంత సీసా.
ముప్పై ఒక్క వేల నాలుగు వందలు, పన్ను అదనం.
సంతకం పెడుతుంటే ఆటో అతను అడిగాడు:
"ఏమున్నదక్కా ఇండ్ల, ఐస్‌క్రీమా?"
ఫ్లూ వైరస్ చెయ్యి, అన్నాను.
అతను తన చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

నిజానికి వైరస్ దీన్ని ఎన్నడూ చూడలేదు.
ఎవరో దాని అక్షరాలు చదివి
పేగుల్లో బతికే సాదా బ్యాక్టీరియాకు అప్పజెప్పారు,
అది ఎవరి వంటో తెలియకుండానే వండిపెట్టింది.
చివరన ఆరు హిస్టిడిన్లు ముడివేశారు,
సంతలో మేకను గుర్తుపట్టడానికి
మెడకు పేలిక కట్టినట్టు.
జ్వరం లేదు, దగ్గు లేదు.
ముగ్గురు కలిస్తేనే పొయ్యి వెలిగే ఇంట్లోంచి
ఇది ఒక్కతే వచ్చింది.
దీనికి తెలిసిన విద్య ఒకటే:
మన కణం రాసుకున్న ఉత్తరాల తలపాగా పట్టుకోవడం.
కోసేది ఇంకొకరు. పెట్టుకునేది వైరస్.

మా అమ్మ కొత్తవాడలో జంపఖానాలు నేస్తుంది.
ఒక్క పోగు తప్పినా మూడు వరసలు విప్పుతుంది,
నాలుక చప్పరించి మళ్లీ మొదలుపెడుతుంది.
పాలిమరేజ్ విప్పదమ్మా, అన్నాను అన్నం తింటూ.
పదివేల అక్షరాలకు ఒకటో అరో తప్పు రాసి
ఆ తప్పుతోనే ముందుకు పోతుంది.
"మరి అసొంటి బట్ట ఎవ్వలు కొంటరే?"
కొనరు. ఊరంతా కప్పుకుంటారు.

ఆషాఢం ఆఖర్న నయీంనగర్ నాలా పొంగింది.
పదిన్నరకు కరెంటు పోయింది,
జనరేటర్ గదిలో మోకాలి లోతు నీళ్లు.
చీకట్లో ఫ్రీజర్ ఎర్ర అంకెలు:
మైనస్ డెబ్బై నాలుగు. అరవై ఎనిమిది. అరవై ఒకటి.
సారు ఫోను మోగలేదు.
ఐసు ఫ్యాక్టరీ అతను నవ్వాడు,
"గంత సల్లదనం మాకాడ ఏడిది మేడం."

అప్పుడు గుర్తొచ్చాడు గుండెబోయిన కొమురెల్లి,
హసన్‌పర్తి దిక్కు ఊళ్లల్లో
బర్రెలు ఎదకొస్తే పిలిచే గోపాలమిత్ర.
బండి వెనక పాలక్యాన్ లాంటి డబ్బా,
అందులో ద్రవ నత్రజని.
వచ్చాడు, రెయిన్‌కోటు డబ్బాకు తొడిగి, తాను తడిసి.
టార్చి వేసి సీసా మీది చీటీ కూడబలుక్కున్నాడు.
"పశువులకు వాడరాదని రాసుంది గద!"
వాడొద్దన్నా, పక్కన పండబెట్టు చాలు.
"రోగం అంటదా?"
ఇది రోగం కాదు. రోగం చేసే పనిలో ఒక ముక్క.
"పనికి రోగమేంది తియ్యి" అని
మూత ఎత్తాడు. తెల్లటి ఆవిరి ఆయన గడ్డం దాకా లేచింది.

ఆ రాత్రి అది
ముర్రా దున్నల గడ్డిపోచల నడుమ వేలాడింది,
ఇంకా పుట్టని దూడలకు ఆనుకుని.
నేను మెట్ల మీద కూర్చుని
కప్పల అరుపు వింటూ
మూడేళ్ల ఫెలోషిప్ లెక్క వేసుకున్నాను,
సగంలో లెక్క తప్పింది, మళ్లీ వేయలేదు.

నాలుగో రోజు చిన్న గుంటల ప్లేటులో
దాని ముందు ఒక నకిలీ తలపాగా పెట్టాను,
మెరిసే రంగు అద్దినది.
చాలాసేపు తెర మీద గీత కదల్లేదు.
నేను కుర్చీ వెనక్కి జరిపాక లేచింది.
పట్టుకుంది.
వణికింది నేనే.

సాయంత్రం కొమురెల్లి ఫోను:
"నీ చెయ్యి బతికిందా బిడ్డా?"
అదెప్పుడూ బతికిలేదన్నా, పని చేస్తోంది.
"మంచిదే" అన్నాడు, వెనక బర్రె అరిచింది,
ఎవరో ఆయన్ని పిలిచారు.

రికార్డు పుస్తకం తెరిచాను.
తేదీ రాశాను. ఉష్ణోగ్రత, మైనస్ నూట తొంభై ఆరు.
నిల్వ ఉంచిన చోటు అన్న గడి దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
కొమురెల్లి బండి, అని రాశాను.
కొట్టివేయలేదు.