ముందెట్లా ఉన్నారో అట్లాగే

బుధవారం. యూనిఫాం వేసుకురావాల్సిన రోజు.
డెమింగ్ హైస్కూలు వెనక, బస్సులు నిలిపే తారునేల మీద
ఇరవై ముగ్గురు పిల్లలు, మూడు వరసలు.
పద్నాలుగేళ్ల వాడి భుజాల మీద
పద్దెనిమిదేళ్ల వాడి కొలతకి కుట్టిన కోటు.
కంచె అవతల ఉల్లి చేలు.
న్యూమెక్సికో గాలి ఇసుక కొట్టే ముందు
ఎవరు కేడెట్టో ఎవరు కాదో అడగదు.

ఈ వారం ప్లటూన్ ఇట్సెల్ బర్రాసాది.
నాలుగింటికి లేచి తమ్ముళ్లకి టోర్టియాలు కాల్చి
అమ్మని ఉల్లి షెడ్డు వ్యాను ఎక్కించి వచ్చే పిల్ల.
గొంతు సన్నం.
"గొంతులోంచి కాదమ్మా, కడుపులోంచి రావాలి" అని
చెప్పి చెప్పి నాకు ఆగస్టు గడిచింది.
"కడుపులో ఏమన్నా ఉంటే కదా సార్జెంట్" అని
నవ్వి నవ్వి తనకి సెప్టెంబరు గడిచింది.

నేను ఒకాసియో. రిటైరయ్యాను.
ఇరవై రెండేళ్ల నౌకరీ, ఒక స్టీలు మోకాలు,
నాయకత్వం అనే సబ్జెక్టుకి రెండో పీరియడు.
పుస్తకంలో నాయకుడి లక్షణాలు నంబర్లు వేసి ఉంటాయి.
పరీక్ష ముందురోజు బట్టీ పడతారు, మర్నాటికి మరిచిపోతారు.
నేనూ అంతే.

వరసలు కంచె దగ్గరికి వస్తున్నాయి.
ఎడమకి తిప్పాలి. ఎడమకి జిమ్ము, నీడ, నీళ్ల కుళాయి.
"కుడికి" అంది.
అన్న మరుక్షణం కళ్లకి తెలిసిపోయింది,
నోటికింకా తెలీలేదు.
నలభై ఆరు బూట్లు కుడికి.
ముందు వరసలో వెండెల్ సోసీ,
ఆ దారి కళ్లు మూసుకుని నడవగలవాడు,
వాడూ కుడికే.
తారు దాటి, పల్లేరు ముళ్లలోకి.

ఒక్కడూ ఆగలేదు.
కంచె అడ్డం వచ్చాక కూడా ఉన్నచోటే కాళ్లు కదుపుతున్నారు,
ఎడమ, కుడి, ఎడమ,
ఇనప వల ముక్కులకి తగులుతుంటే.
నవ్వొచ్చే సంగతే. మేడ మీద కిటికీల్లోంచి నవ్వారు కూడా.
నాకు మాత్రం
మనుషులు మాట వింటే ఇంత బాగా వింటారా అని
వెన్నులో చలి పుట్టింది.
విజిల్ ఊదలేదు.
తనే ఏం చేస్తుందో చూద్దామని కాదు.
చెయ్యి లేవలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకి
మొదటివారం నేర్పిన చిన్న కమాండు,
తప్పు చెప్పిన నోరే దాన్ని వెనక్కి తీసుకునేది:
"యాజ్ యు వర్!"
ముందెట్లా ఉన్నారో అట్లాగే.
కడుపులోంచి వచ్చింది.
పక్కన గూడ్సు బండి కూస్తోంది, ఆ కూత మీంచి వచ్చింది.

"తప్పు నాది" అంది, ఎవరూ అడక్కుండానే.
డ్రిల్లు పుస్తకంలో ఆ వాక్యం లేదు.
మళ్లీ చెప్పింది. ఎడమకి వెళ్లారు.
కుళాయి దగ్గర అందరూ తాగేదాకా ఆగింది.
వెండెల్ కాలు తన మోకాలి మీద పెట్టుకుని
సాక్సులో పల్లేరుకాయలు ఏరింది,
మేక గిట్టలు చూసే మనిషిలాగా, విసుగ్గా, జాగ్రత్తగా.

మధ్యాహ్నం మార్కుల కాగితం.
'ఆదేశంలో స్పష్టత' దగ్గర ఐదుకి రెండు వేశాను.
కింద 'ఇతర వ్యాఖ్యలు' అని కాస్త ఖాళీ.

అక్కడ రాయాలనుకున్నాను:
అమ్మాయీ, కుడి అనకూడని చోట
కుడి అన్న రోజు నాకూ ఒకటుంది.
వాళ్లూ ఇట్లాగే వెళ్లారు, ఇంత బాగానూ,
ఒక్కడూ నా మొహంకేసి చూడకుండా.
నాకూ వచ్చు ఆ కమాండు.
రేడియోలో మూడుసార్లు అన్నాను.

"గొంతు మెరుగుపడింది" అని రాసి
సంతకం పెట్టాను.

గురువారం కాగితం పట్టుకుని వచ్చింది.
"స్పష్టతకి రెండేనా సార్జెంట్?
కుడి అని స్పష్టంగానే చెప్పాను కదా,
అందుకే కదా అందరూ వెళ్లారు."

కొట్టేసి మూడు చేశాను.