తిప్ప జరిగింది

టీకాల పెట్టె భుజాన తగిలించుకుని
చీకటితోనే ముమ్మిడివరంలో బస్సెక్కాను.
ఎదుర్లంక వంతెన మీద టైరు పోయింది.
డ్రైవరు జాకీ కోసం వెతుక్కుంటుంటే
కింద గౌతమి,
సంత ముగించుకున్న ఆడమనిషిలా
తొందర లేకుండా సముద్రం వైపు పోతోంది.

రేవులో ఓలేటి కామేశు పడవ.
రెండు పాయలు దాటాక ఇంజను
దగ్గి దగ్గి ఊరుకుంది.
పాటు మొదలైంది. నీళ్లు మోకాలి లోతు.
మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి లేచి
హాజరు పలుకుతున్నాయి.
దిగి తోశాం.
నా ఎడమ చెప్పు బురద ఉంచుకుంది.

పెట్టెలో ఐసు గలగలమంటోంది,
అంటే కరుగుతోంది.
కామేశు తన చద్దన్నంలో
ఎండు మెత్తళ్లు సగం నాకు పెట్టి
"ఇదిగో, ఇక్కడే ఉండాలండి తిప్ప" అన్నాడు.
అక్కడ నీళ్లున్నాయి.
నీళ్లలో ఒక సరుగుడు గుంజ, దానిమీద నీటికాకి,
రెక్కలారబెట్టుకుంటూ.

ఇంకో గంట గెడ వేశాక కనిపించింది,
దక్షిణంగా జరిగి కూర్చుని,
బస్సులో ఎవరికో చోటిచ్చినట్టు.

నా రిజిస్టరులో పదకొండు గుడిసెలు.
ఇసుక మీద నాలుగు.
"ఆలస్యమైపోయింది మామ్మా" అన్నాను.
వలకి ముడులేస్తూ తలెత్తకుండానే
"నువ్వేం చేస్తావులే,
ఉన్నచోట ఉండనిది మేమేగా" అంది.

మనవరాలు నోరు తెరిచింది.
రెండు చుక్కలు. ఇంకా చల్లగానే ఉన్నాయి.
మిగిలిన ఐసుముక్క అడిగి తీసుకుని
చేతులు మార్చుకుంటూ పరిగెత్తింది.

చిరునామా గడిలో
ఈసారి పెన్సిలుతో రాశాను.